స్పామర్ మీద పగ: దెబ్బ ఎవరికి తగలాలి?

స్పామ్ మెయిల్ పంపేవాడి మీద పగ తీర్చుకోవాలనిపించడంలో తప్పేమీ లేదు. "డిలీట్ కొట్టేసి నీ పని నువ్వు చూసుకోవచ్చుగా" అని సలహా ఇచ్చేవాళ్ళతో నేను ఎప్పుడూ ఏకీభవించలేదు. డిలీట్ కొట్టడానికి రెండు సెకన్లే పడుతుందంటారు. ఆ రెండు సెకన్లు నావి. అలాంటి రెండేసి సెకన్లు కోట్ల మంది దగ్గర అడక్కుండా లాక్కుని, వాటి మీద ఎవడో బతుకుతున్నాడు. ఆ చెత్తలో పడి ఒకరికి రావాల్సిన ఉద్యోగం కబురు కనపడకుండా పోతుంది. ఇంకొకరు లింకు నొక్కి, ఏళ్ళ తరబడి దాచుకున్న డబ్బు పోగొట్టుకుంటారు. ప్రపంచంలో తిరిగే మెయిల్‌లో దాదాపు సగం స్పామేనని భద్రతా సంస్థల అంచనాలు చెబుతున్నాయి. ఒళ్ళు మండాల్సిన విషయమే ఇది.

ఆ కోపాన్ని వదులుకోమని నేనెవరికీ చెప్పను. అయితే స్పామర్ల మీద ఇప్పటిదాకా జరిగిన ప్రతీకారాలను చూస్తే, వాటిలో చాలామటుకు దెబ్బ వేరేవాళ్ళకు తగిలింది. స్పామర్‌కు నిజంగా నొప్పి పుట్టించినవి కొన్నే. అవి చూడ్డానికి చప్పగా ఉంటాయి, వాటిలో కసి తీరిన సంతోషమూ పెద్దగా ఉండదు. నేను మాత్రం వాటి పక్షాన్నే మాట్లాడతాను.

ముందు డబ్బు సంగతి. 2008లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు స్టార్మ్ అనే బాట్‌నెట్‌లోకి చొరబడి స్పామ్ వ్యాపారం లెక్క తీశారు. బాట్‌నెట్ అంటే వైరస్ సోకి, యజమానులకు తెలియకుండానే ఎవడో చెప్పినట్టల్లా ఆడే కంప్యూటర్ల గుంపు. అది పంపే మందుల ప్రకటనల్లో కొన్నింటి లింకులు మార్చి, జనం తాము పెట్టిన ఉత్తుత్తి దుకాణానికి వచ్చేలా చేశారు. 26 రోజుల్లో దాదాపు 35 కోట్ల మెయిళ్ళు వెళ్ళాయి. కొనే దాకా వచ్చినవాళ్ళు 28 మంది. అంటే ఒక్కో కొనుగోలుదారు కోసం కోటికి పైగా మెయిళ్ళు పంపారన్నమాట. అయినా వ్యాపారం గిట్టుబాటవుతోంది. ఎందుకంటే పంపే కంప్యూటర్లు వాడివి కావు, కరెంటు వాడిది కాదు, ఇంటర్నెట్ బిల్లూ వాడిది కాదు.

పగ గురించి ఆలోచించే ప్రతి ఒక్కరూ ఈ లెక్క గుర్తు పెట్టుకోవాలి. మెయిల్ పంపే చోట వాడికి ఖర్చే లేదు కాబట్టి అక్కడ ఎంత కొట్టినా వాడికి అంటదు. ఆ 28 మంది డబ్బు కట్టే చోట మాత్రం వాడికి ఒక దుకాణం కావాలి, ఒక డొమైన్ (వెబ్‌సైటు పేరు) కావాలి, కార్డు డబ్బు తీసుకునే బ్యాంకు ఒకటి కావాలి. అవి ఊరికే రావు, పోతే మళ్ళీ తెచ్చుకోవడం తేలిక్కాదు.

పగ చరిత్ర స్పామ్ చరిత్రంత పాతది. 1994 ఏప్రిల్‌లో అమెరికాలో క్యాంటర్, సీగెల్ అనే లాయర్ దంపతులు గ్రీన్‌కార్డు లాటరీ ప్రకటనను వేలాది యూజ్‌నెట్ చర్చా బృందాల్లో కుమ్మరించారు. జనం ఊరుకోలేదు. తిట్ల దండకాలు, పనికిమాలిన పెద్ద పెద్ద ఫైళ్ళు వాళ్ళ మెయిల్ చిరునామాకు పంపారు. ఆ తాకిడికి వాళ్ళకు ఇంటర్నెట్ ఇచ్చిన కంపెనీ సర్వర్లు మళ్ళీ మళ్ళీ కూలిపోయాయి. కంపెనీ వాళ్ళ ఖాతా మూసేసింది కాబట్టి జనం దీన్ని గెలుపుగా చెప్పుకున్నారు. అదే సర్వర్ల మీద ఆధారపడిన మిగతా ఖాతాదారుల మెయిళ్ళు ఏమయ్యాయో పట్టించుకున్నవాళ్ళు తక్కువ. ఆ దంపతులేమో తమకు లాభమే వచ్చిందని బాహాటంగా చెప్పుకున్నారు.

2002లో అలన్ రాల్‌స్కీ అనే పేరుమోసిన స్పామర్ గురించి ఒక అమెరికన్ పత్రికలో కథనం వచ్చింది. అది చదివినవాళ్ళు కొందరు ఆయన ఇంటి అడ్రసు వెతికి పట్టుకుని, కనపడ్డ ప్రతి క్యాటలాగుకూ, ప్రతి ఉచిత పత్రికకూ ఆయన పేరు రాసేశారు. ఇంటికి కాగితపు ప్రకటనలు గుట్టలుగా వచ్చి పడ్డాయి. ఈ కథ విన్నప్పుడు మనసుకు హాయిగా ఉంటుందని ఒప్పుకుంటాను. కానీ ఆయన వ్యాపారం ఆగలేదు. మెయిళ్ళతో షేర్ల ధరలు కృత్రిమంగా పెంచి అమ్ముకునే మోసంలో ప్రభుత్వ న్యాయవాదులు పట్టుకున్నాక, 2009లో 51 నెలల జైలు పడింది. అక్కడ ఆగాడు. ఇంటి ముందు పడ్డ కాగితాలు చేయలేని పని కేసు ఫైలు చేసింది.

2004 చివర్లో లైకోస్ యూరప్ కంపెనీ ఒక స్క్రీన్‌సేవర్ విడుదల చేసింది. దాన్ని పెట్టుకున్నవాళ్ళ కంప్యూటర్లు ఖాళీగా ఉన్నప్పుడల్లా స్పామర్ల వెబ్‌సైట్లకు అదే పనిగా రిక్వెస్టులు పంపి వాళ్ళ సర్వర్లను నెమ్మదింపజేస్తాయి. లక్ష మంది దాకా దించుకున్నారు. పేరు ఏది పెట్టినా అది దాడే. ఒక స్పామర్ తన సైటుకు వచ్చే రద్దీనంతా లైకోస్ సైటు వైపే మళ్ళించాడు. విమర్శలు పెరిగి, కొద్ది రోజుల్లోనే కంపెనీ దాన్ని ఆపేసింది.

అన్నింటిలోకీ నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది బ్లూ ఫ్రాగ్ కథ. ఇజ్రాయెల్‌కు చెందిన బ్లూ సెక్యూరిటీ అనే చిన్న కంపెనీ దీన్ని నడిపింది. వాళ్ళ పద్ధతి వినడానికి న్యాయంగానే ఉంటుంది. సభ్యుడికి వచ్చిన ఒక్కో స్పామ్‌కు ఒక్కో అభ్యర్థన: "నా చిరునామా మీ జాబితాలోంచి తీసేయండి". ఆ అభ్యర్థన వెళ్ళేది మెయిల్‌లో కనిపించే దొంగ చిరునామాకు కాదు, స్పామ్ ప్రకటించిన దుకాణానికే. ఆర్డర్లు తీసుకునే ఫారంలోనే దాన్ని నింపేవారు. లక్షల స్పామ్‌లకు లక్షల అభ్యర్థనలు ఒకేసారి వచ్చి పడితే దుకాణం నడవదు. సభ్యులు ఐదు లక్షలకు చేరుకున్నారు. కొందరు పెద్ద స్పామర్లు దిగొచ్చి తమ జాబితాల్లోంచి సభ్యుల చిరునామాలు తీసేయడం మొదలుపెట్టారు.

2006 మేలో ఒక స్పామర్ ఎదురు తిరిగాడు. సభ్యుల చిరునామాలు బయటపడకుండా బ్లూ సెక్యూరిటీ వాటిని గుప్తరూపంలో ఉంచేది. వాడు తన జాబితాను ఒకసారి వాళ్ళ పద్ధతిలో శుభ్రం చేయించి, ముందు జాబితాకూ తర్వాతి జాబితాకూ తేడా చూశాడు. తీసివేసిన చిరునామాలే సభ్యులవి. ఆ సభ్యులందరికీ బెదిరింపు మెయిళ్ళు, మామూలుకు మించి స్పామ్ పంపాడు. ఆపైన బాట్‌నెట్‌ను కంపెనీ మీదికి తోలాడు. సైటు పడిపోవడంతో కంపెనీ తన డొమైన్‌ను టైప్‌ప్యాడ్‌లో ఉన్న తన బ్లాగు వైపు తిప్పింది. దాడి కూడా దాని వెంటే వెళ్ళింది. టైప్‌ప్యాడ్ బ్లాగు వేదికా, దాని యజమానులే నడిపిన లైవ్‌జర్నల్ వేదికా రెండూ పడిపోయాయి. ఈ గొడవతో ఏ సంబంధమూ లేని లక్షల మంది రాతలు గంటల తరబడి ఎవరికీ అందలేదు. ఆ నెల మధ్యకల్లా బ్లూ సెక్యూరిటీ చేతులెత్తేసింది.

బ్లూ ఫ్రాగ్ అత్యాశకు పోయిందని చాలామంది తేల్చేస్తారు. నాకు అలా అనిపించదు. గురి సరైనదే, డబ్బు వచ్చే చోటే కొట్టింది. ఎంచుకున్న ఆయుధమే తప్పు. ఎవరు ఎక్కువ రద్దీ పంపగలరన్న పోటీలో, వేల కంప్యూటర్లను దొంగతనంగా వాడుకునేవాడితో నిజాయితీగా బతికే కంపెనీ గెలవలేదు. ఆ పోటీలో ఓడిపోయేటప్పుడు పక్కవాళ్ళ ఇల్లు కూడా కూలుతుంది.

పక్కవాళ్ళ స్థానంలో ఉండటం ఎలా ఉంటుందో నాకు తెలుసు. కొన్నేళ్ళ కిందట ఒక ఉదయం మెయిల్ తెరిచేసరికి ఇన్‌బాక్స్ నిండా "మీరు పంపిన మెయిల్ చేరలేదు" అన్న సందేశాలు. ఎప్పుడూ వినని సర్వర్ల నుంచి, నాకు రాని భాషల్లో, స్క్రోల్ చేస్తున్న కొద్దీ వస్తూనే ఉన్నాయి. కింద అతికించిన అసలు మెయిల్ చూస్తే బరువు తగ్గించే మాత్రల ప్రకటన. పంపినవారి చోట నా చిరునామా ఉంది. నా ఖాతాను ఎవరూ హ్యాక్ చేయలేదు, పాస్‌వర్డ్ ఎవరికీ దొరకలేదు. ఎవడో పంపుతూ ఫ్రమ్ దగ్గర నా చిరునామా రాసుకున్నాడు, అంతే.

సర్వర్లు పంపిన సందేశాల మధ్యలో మనుషులు రాసినవి కూడా ఉన్నాయి. చాలావరకు తిట్లు. ఒకరు నా చిరునామాను దొరికిన ప్రతి వార్తాలేఖకూ ఇచ్చేస్తానని రాసి, అన్నంత పనీ చేశారు. ఆ మధ్యాహ్నం నుంచే "మీ సభ్యత్వాన్ని ధ్రువీకరించండి" అంటూ మెయిళ్ళు మొదలయ్యాయి. ఇంకొకాయన అమ్మ ఆస్పత్రిలో ఉందట. ఏ నిమిషంలో ఏ కబురు వస్తుందోనని ఫోన్ చేతిలో పెట్టుకుని కూర్చున్నారట. మీ మెయిల్ వచ్చి ఫోన్ మోగినప్పుడల్లా ప్రాణం పోయినంత పనవుతోందండీ, దయచేసి ఆపండి అని రాశారు. ఆయనకు మర్యాదగా, జరిగిందంతా వివరిస్తూ జవాబు రాశాను. ఆయన నమ్మారో లేదో తెలియదు. ఆ ఉత్తరం చదివినప్పుడు కలిగిన బాధ ఇప్పటికీ పోలేదు. ఆయన కోపంలో న్యాయం ఉంది. అది చేరిన చిరునామా మాత్రం నాది.

అత్త మీద కోపం దుత్త మీద చూపించడమంటే ఇదే. దీనికి సాంకేతిక కారణం చాలా పాతది. మెయిల్ పంపే ఎస్ఎమ్‌టీపీ పద్ధతిని 1982లో ప్రమాణంగా రాసినప్పుడు నెట్‌వర్కు చిన్నది, అందులో ఉన్నవాళ్ళు ఒకరికొకరు తెలిసినవాళ్ళు. పంపేవాడు తన పేరు ఏది చెబితే అది నమ్మడమే పద్ధతి. పంపినవాడు చెప్పిన పేరు నిజమా కాదా అని చూసే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అనే తనిఖీలు చాలా కాలం తర్వాత పైన అతికించినవి. పగబట్టి ఇంకొకరి పేరుతో స్పామ్ పంపడానికి "జో జాబ్" అని పేరు కూడా ఉంది. 1997లో జోస్ డాట్ కామ్ అనే సైటు నడిపేవారు స్పామ్ పంపిన ఒకడి ఖాతా తీసేశారు. వాడు కోపంతో ఆ సైటు వాళ్ళే పంపినట్టుగా లోకమంతా స్పామ్ పంపాడు. దాన్ని నమ్మిన జనం సైటు మీద పడ్డారు. అంటే మన ప్రతీకారం ఎటు పోతుందో స్పామర్లకు మనకంటే బాగా తెలుసు. దాన్ని తమ శత్రువుల మీదికి తోలడం కూడా తెలుసు.

అందుకే స్పామ్‌కు తిరుగు జవాబు రాయడం, మెయిల్ బాంబులు పంపడం రెండూ వద్దంటాను. జవాబు రాస్తే అమాయకుడికి చేరుతుంది. లేదా నిజంగానే స్పామర్‌కు చేరి, ఈ చిరునామా వెనక బతికున్న మనిషి ఉన్నాడని వాడికి రుజువు ఇస్తుంది. గుర్తు తెలియని స్పామ్‌లో కనిపించే అన్‌సబ్‌స్క్రైబ్ లింకుదీ అదే కథ. మనమే ఎప్పుడో పేరు ఇచ్చిన అసలు కంపెనీల మెయిళ్ళయితే వేరు, అక్కడ ఆ లింకు పనిచేస్తుంది. పెద్ద ఎత్తున మెయిళ్ళు పంపేవాళ్ళు ప్రచార మెయిళ్ళలో ఒక్క నొక్కుతో బయటపడే సౌకర్యం ఇవ్వాలని జీమెయిల్, యాహూ 2024లో నిబంధన కూడా పెట్టాయి.

మోసగాడితో తెలిసి తెలిసి మాటలు కలిపి, నెలల తరబడి వాడి సమయం తినేయడం చాలామందికి నచ్చే పగ. వాడు మనతో గడిపిన గంట ఇంకొకరిని ముంచకుండా పోయిన గంట కదా అంటారు. ఇదివరకు నాకూ ఈ మాటలో బలం కనిపించేది. 2023 ఆగస్టులో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం ఒక నివేదిక ఇచ్చింది. మయన్మార్‌లో కనీసం 1,20,000 మంది, కంబోడియాలో సుమారు 1,00,000 మంది ఆన్‌లైన్ మోసాలు చేయడానికి బలవంతంగా బందీలుగా ఉండి ఉండవచ్చన్నది అందులోని అంచనా. ఉద్యోగమని రప్పించి, పాస్‌పోర్టు లాక్కుని, రోజువారీ లక్ష్యం అందుకోకపోతే కొట్టే చోట్లవి. మనం ఆడించి, అవమానించి, వీడియో తీసి నవ్వుకునే మనిషి ఆ గదిలో కూర్చున్నవాడు కావచ్చు. ఆ అనుమానం ఉన్నంత కాలం ఆ ఆట నా వల్ల కాదు.

మరి దెబ్బ ఎక్కడ తగులుతుంది? 2008 నవంబరు 11న అమెరికాలో మెకోలో అనే హోస్టింగ్ (సర్వర్లు అద్దెకిచ్చే) కంపెనీకి ఇంటర్నెట్ కనెక్షన్ ఇచ్చే సంస్థలు దాన్ని తెంచేశాయి. పెద్ద పెద్ద బాట్‌నెట్లను నడిపించే సర్వర్లు అక్కడ ఉండేవి. ప్రపంచం మొత్తమ్మీద స్పామ్ ఒక్కరోజులో సగానికి పైగా పడిపోయింది. ఎవరూ ఎవరి మీదా దాడి చేయలేదు. ఓపికగా సాక్ష్యాలు కూడగట్టినవాళ్ళు, కనెక్షన్ ఇచ్చినవాళ్ళ ముందు ఆ కాగితాలు పెట్టారు. కొన్ని నెలల్లో స్పామ్ మళ్ళీ పుంజుకుంది, నిజమే. అయినా ఆ కొన్ని నెలలు ఎవరి ఇల్లూ కూలకుండా వచ్చాయి.

2011లో వచ్చిన ఇంకో పరిశోధన నా దృష్టిలో వీటన్నింటికంటే విలువైనది. పరిశోధకులు స్పామ్ ప్రకటించే దుకాణాల్లో నిజంగానే సరుకు కొని, డబ్బు ఎటు పోతోందో చూశారు. మందులు, నకిలీ బ్రాండ్లు, సాఫ్ట్‌వేర్ అమ్మే స్పామ్‌లో 95 శాతానికి కార్డు చెల్లింపులు కేవలం మూడు బ్యాంకుల ద్వారా జరుగుతున్నాయి. వేల డొమైన్లు, లక్షల కంప్యూటర్లు, చివరికి మూడు బ్యాంకులు. తర్వాత బ్రాండ్ల యజమానులు కార్డు నెట్‌వర్కులకు వరసగా ఫిర్యాదులు పెట్టినప్పుడు, ఆ దుకాణాల మర్చంట్ ఖాతాలు మూతపడ్డాయి. డొమైన్ పోతే గంటలో ఇంకోటి కొనుక్కునేవాళ్ళకు బ్యాంకు ఖాతా పోతే వారాలకు వారాలు వ్యాపారం ఆగిపోయింది.

స్పామర్‌కు ఎక్కడ నొప్పి పుడుతుందో వాడి కోపమే చెబుతుంది. 1998లో మొదలైన స్పామ్‌హౌస్ అనే సంస్థ, స్పామ్ వచ్చే ఐపీల (ఇంటర్నెట్‌లో ఒక్కో కంప్యూటర్‌ను గుర్తించే నంబర్ల) జాబితాలు ప్రచురిస్తోంది, ఆ జాబితా చూసి మెయిల్ సర్వర్లు తలుపులు మూసేస్తాయి. 2013 మార్చిలో ఆ సంస్థ మీద సెకనుకు 300 గిగాబిట్ల రద్దీతో దాడి జరిగింది. అప్పటికి బహిరంగంగా తెలిసినవాటిలో అదే అతి పెద్దది. తిట్ల ఉత్తరాలు రాసేవాళ్ళ మీద ఎవరూ అంత కష్టపడి దాడి చేయరు.

ఇంతకీ ఒక మామూలు మనిషి ఏం చేయగలడంటే, ఫిర్యాదు. నాకు మొన్నామధ్య వచ్చిన ఒక మెయిల్ సంగతే చెబుతాను. పార్సిల్ ఆగిపోయింది, చిన్న రుసుము కడితే విడుదల చేస్తామని ఉంది. జీమెయిల్ మెనూలో షో ఒరిజినల్ నొక్కితే హెడర్లు, అంటే మెయిల్ ఏ దారిన వచ్చిందో చెప్పే వరసలు, వస్తాయి. వాటిలో రిసీవ్డ్ అని మొదలయ్యే వరసల్ని పైనుంచి కిందికి చదవాలి. అన్నింటికంటే పైవి మన మెయిల్ సర్వరే రాసుకున్నవి: ఫలానా ఐపీ నుంచి, ఫలానా సమయానికి అందింది అని. నమ్మదగింది ఆ ఐపీ ఒక్కటే. దాని కిందివన్నీ పంపినవాడు సొంతంగా రాసుకుని ఉండొచ్చు. ఈ మెయిల్‌లో కింది వరస, ఇది ఒక బ్యాంకు సర్వర్ గుండా వచ్చిందని చెబుతోంది. కానీ ఆ వరసలోని సమయం పై వరసలో ఉన్నదానికంటే మూడు గంటల తర్వాతిది. మెయిల్ ఇక్కడికి చేరాక అక్కడి నుంచి బయల్దేరిందన్నమాట! బ్యాంకు పేరు ఉత్త అబద్ధం. కోపంతో ఆ బ్యాంకుకు ఫోన్ చేసి తిట్టేవాళ్ళు ఎంతమంది ఉంటారో.

ఆ ఐపీ ఎవరి అధీనంలో ఉందో ఆర్‌డాప్ అనే ఆన్‌లైన్ రిజిస్టర్‌లో వెతికితే, హోస్టింగ్ కంపెనీ పేరు, ఇలాంటి ఫిర్యాదుల కోసం అది పెట్టిన అబ్యూజ్ చిరునామా దొరుకుతాయి. ఫిర్యాదు పొట్టిగా ఉండాలి. సబ్జెక్టులోనే ఐపీ, తేదీ. లోపల సమయం యూటీసీలో (ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయంలో), జరిగింది రెండు వాక్యాల్లో, కింద హెడర్లు పూర్తిగా, ఏదీ కత్తిరించకుండా. తిట్లు వద్దు, చదివేది స్పామర్ కాదు, షిఫ్టులో కూర్చుని వందల ఫిర్యాదులు చూసే ఉద్యోగి. కొన్ని కంపెనీలు ఫిర్యాదును యథాతథంగా తమ ఖాతాదారుకే పంపేస్తాయి. కాబట్టి ఇందుకోసం వేరే మెయిల్ చిరునామా పెట్టుకోవడం మంచిది. లోపలి లింకులోని డొమైన్ గురించి దాన్ని అమ్మిన రిజిస్ట్రార్ కంపెనీకి వేరే ఫిర్యాదు, వాళ్ళు ఎవరి పేరు వాడుకున్నారో ఆ కంపెనీకి ఇంకొకటి. లింకును మాత్రం తెరవకూడదు, కాపీ చేసుకుంటే చాలు. ఇంత ఓపిక లేనిరోజు రిపోర్ట్ స్పామ్ బటన్ నొక్కినా వృథా పోదు. పెద్ద ఎత్తున పంపేవాళ్ళ మీద స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదన్నది జీమెయిల్ నియమం. మనమే చందాదారులుగా చేరిన వార్తాలేఖ మీద బద్ధకంతో ఆ బటన్ నొక్కితే మాత్రం అది అన్యాయం.

"ఫిల్టర్లు ఆపేస్తున్నాయి కదా, ఇదంతా ఎందుకు?" అంటారు. ఫిల్టర్ నా కంటికి కనపడకుండా చేస్తుంది, పంపినవాడి దుకాణం అలాగే ఉంటుంది. అది పట్టుకోలేకపోయిన ఒక్క మెయిల్, ఎవరికి చేరకూడదో వాళ్ళకే చేరుతుంది.

నా ఫిర్యాదుల్లో చాలావాటికి జవాబు రాదు. జవాబు వచ్చిన వాటిలోనూ "ఇది మా పరిధిలోకి రాదు" అన్నదే ఎక్కువ. నాకు అసలు కోపం ఇప్పుడు ఇక్కడే ఉంది. డొమైన్ల వ్యవస్థను చూసే ఐకాన్ సంస్థ, డొమైన్ల దుర్వినియోగం మీద చర్య తీసుకోవడాన్ని రిజిస్ట్రార్లకు 2024 ఏప్రిల్ నుంచి తప్పనిసరి చేసింది. ఫిషింగ్ (నమ్మించి వివరాలు లాక్కోవడం), మాల్‌వేర్ (హానికర సాఫ్ట్‌వేర్), బాట్‌నెట్లు, ఫార్మింగ్ (సరైన అడ్రసు కొట్టినా నకిలీ సైటుకు మళ్ళించడం) దాని కిందికి వస్తాయి. స్పామ్ మాత్రం, ఆ నాలుగింటిలో ఒకదాన్ని మోసుకొస్తేనే లెక్కలోకి వస్తుంది. నకిలీ మందులు అమ్మే కోట్ల మెయిళ్ళు, ఇంకొకరి పేరు పెట్టుకుని తిరిగే ప్రకటనలు ఆ నిర్వచనం బయటే ఉండిపోయాయి. ఫిర్యాదు అందాక కదలాల్సిన బాధ్యత రిజిస్ట్రార్‌కు ఉండాలి, ఆ మినహాయింపు పోవాలి. అది పోయేదాకా నేను పంపే ప్రతి ఫిర్యాదు చివరా ఆ మాట కూడా రాస్తాను.